అలల సగటు

పెళ్లికూతురి మేనమామ ఇంకా మేడిపల్లి దాటలేదట. జనగామలో పొద్దున్నే బస్సెక్కిన మనిషి, వరంగల్ రోడ్డు మీద పైవంతెన పని దగ్గర బండ్లన్నీ నిలిచిపోయాయనీ, ఇంకో గంటైనా పడుతుందనీ ఫోనులో చెప్పాడు. రాణికి తండ్రి లేడు. చెయ్యి పట్టుకుని మందిరం లోపలికి నడిపించాల్సింది ఆ మేనమామే కాబట్టి, పాస్టరు అయ్యగారు మైకు దగ్గరికొచ్చి, కొంచెం ఓపిక పట్టండి, ఈలోగా కీర్తనలు పాడుకుందాం అన్నారు. నాచారం చర్చిలో ఆడవాళ్ల వైపు మూడో బల్ల మీద కూర్చున్న ఎలిజబెత్‌కు పాట నోట్లోకి రాలేదు. ఆమె చూపు గోడకు కట్టిన తెల్ల కాగితపు తోరణాల మీద ఉంది. నిలువు ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా అవి లేస్తున్నాయి, అటు తిరగగానే వాలిపోతున్నాయి. సెకనుకు మూడు మీటర్లుంటుందేమో ఈ గాలి అనుకుంది. అనుకున్నాక తన మీద తనకే విసుగొచ్చింది. తమ్ముడి భార్య పెళ్లికి వచ్చి కూర్చుని కూడా గాలిని కొలుస్తున్నాను.

తమ్ముడి భార్య అన్న మాట దగ్గర మనసు ఆగింది. ఇంకాసేపటికి రాణి ఇంకొకరి భార్య. నిజానికి కోర్టు ఉత్తర్వు వచ్చిన రోజు నుంచే ఆమె తన తమ్ముడికి ఏమీ కాదు, ఎందుకంటే ఆ ఉత్తర్వు ప్రకారం తమ్ముడు బెన్నీ లేడు. ఓడ మీద పనిచేస్తూ సముద్రంలో కనబడకుండా పోయిన మనిషి గురించి ఏడేళ్లు ఎవరికీ ఏ కబురూ అందకపోతే, చట్టం అతన్ని చనిపోయినట్టే లెక్కవేస్తుంది. ఈ పెళ్లి ప్రకటనను వరసగా మూడు ఆదివారాలు ఇదే మందిరంలో చదివారు. ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయవలెను అని అయ్యగారు తలెత్తి చూసిన ప్రతిసారీ సంఘంలో కొన్ని తలలు ఎలిజబెత్ వైపు తిరిగేవి, ఆమె పాటల పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయేది. ఇవాళ కూడా తిరుగుతున్నాయి. పక్కన కూర్చున్న దోర్కమ్మ, సంఘంలో అందరి పెళ్లిళ్లకూ పూలు అల్లే పెద్దావిడ, వంగి చెవిలో అంది:

"నువ్వొచ్చినవ్ సూడు బిడ్డా, గదే పెద్ద మనసంటే. ఇంకొకలైతే ఈ దిక్కు రాకపోదురు."

ఎలిజబెత్ నవ్వినట్టు పెదాలు కదిపింది. ఈ మాట వింటే రాణి కూడా నవ్వుకునేదేమో. మనసు పెద్దదైతే ఈ పెళ్లి ఇంత ఆలస్యంగా ఎందుకు జరుగుతుంది. రాణికి ముప్పై నిండక ముందే జరగాల్సింది. ఇప్పుడు చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలకు పొద్దున తనే రంగు వేసింది, అద్దం ముందు కూర్చోబెట్టి, పాత దువ్వెనతో. రాణి కళ్లు మూసుకుని కూర్చుంది. రంగు నుదుటి మీదికి జారితే తడిగుడ్డతో తుడిచి, బాగుందిలే అంది ఎలిజబెత్. అంతకన్నా చెప్పాల్సింది ఎంతో ఉంది, ఒక్కటీ చెప్పలేదు.

మాటలు రాని చోట ఆమెకు అంకెలు వస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే. ఊళ్లో పొలం లేక బాపు ఆశీర్వాదం నాచారం ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి, సీసాలు చేసే బట్టీ దగ్గర వేడికి ఒళ్లు కాల్చుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించాడు. బెన్నీ చిన్నతనంలోనే అమ్మ పోయింది. అన్నం వండటం, వాణ్ని బడికి తయారుచేయడం, మధ్యలో తన లెక్కలు. ఆ లెక్కలే ఆమెను చివరికి నగరానికి ఆ చివరన ఉన్న సముద్రం ఆఫీసుకు చేర్చాయి. హైదరాబాదులో సముద్రం ఆఫీసా అని బస్తీలో అందరూ నవ్వేవాళ్లు. బాపు మాత్రం నవ్వలేదు. హబ్సిగూడలో బస్సు ఎక్కి అమీర్‌పేటలో మారి పోయే కూతురికి ప్రతి పొద్దునా టిఫిన్ డబ్బా అందిస్తూ, సముద్రం ఇక్కడికి ఎట్లొస్తది బిడ్డా, అని అడిగేవాడు, నిజంగా తెలుసుకోవాలని. ఆమె చెప్పేది. సముద్రం రాదు బాపూ, పైనుంచి ఉపగ్రహం దాన్ని తడిమి చూసి చెప్తది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైనుంచి రేడియో తరంగం కిందికి కొడుతుంది, నీళ్లు నున్నగా ఉంటే అది ఒక్క దెబ్బకు తిరిగొస్తుంది, అలలు లేచి ఉంటే ముందు శిఖరానికి తగిలి కొంత, తర్వాత గుంటకు తగిలి కొంత, సాగుతూ తిరిగొస్తుంది. ఎంత సాగిందో చూసి అల ఎత్తు చెప్పొచ్చు. గాలికైతే వేరే ఉపగ్రహం. గాలి వీస్తే నీటి మీద వేలెడంత చిన్న ముడతలు లేస్తాయి, ఉప్పల్ నల్లచెరువు మీద సాయంత్రం చూస్తాం కదా, గట్లాంటివి, ఆ ముడతల నుంచి ఎంత తరంగం వెనక్కి చెదిరిందో చూసి గాలి ఎంత, ఎటు అని లెక్క కడతాం.

పక్కనే కూర్చుని ఇదంతా విన్నవాడు బెన్నీ. చెరువు మీద ముడతలు చూపించింది కూడా వాడికే, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయి. ఇరవై ఏళ్లు వచ్చేదాకా సముద్రం చూడని వాడు ఓడ కొలువుకు ఎట్లా పోయాడని అందరూ అడిగారు. అక్క మాటలు వినే పోయాడని ఎవరూ అనలేదు, ఆమె మాత్రం అనుకునేది, గర్వంగానే, మొదట్లో. విశాఖలో శిక్షణకు చేరి బీచిలో నిలబడి ఫోను చేశాడు, అక్కా, ఇది మస్తుంది, నువ్వు చెప్పినదానికన్నా మస్తుంది, అన్నాడు, వెనక హోరు వినబడింది. ఆ ఫోను తర్వాత వాళ్లిద్దరి మాటలన్నీ సముద్రం గురించే అయిపోయాయి. రేవులో సిగ్నలు దొరికినప్పుడల్లా చేసేవాడు.

"అక్కా, మేము పొయ్యే దిక్కు ఎట్లున్నది?"

"మూడు మీటర్లు చూపిస్తున్నది. గాలి దక్షిణం నుంచి."

"మూడా? నీ సాటిలైటుకేం ఎరుక, నా కడుపునడుగు, అయిదు అంటది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. తింటున్నావా అని అడిగేది కాదు, తింటాడులే అనుకుని. పెళ్లయ్యాక రాణి పక్కన నిలబడి చెయ్యి చాపేది, నాకియ్యి వదినా, అని, ఎలిజబెత్ ఇంకో అర నిమిషం గాలి గురించి చెప్పి ఇచ్చేది, ఒక్కోసారి అప్పటికి సిగ్నలు పోయేది. ఆ అర నిమిషాలు ఇప్పుడు గుర్తొస్తున్నాయి. అవి రాణివి. పెళ్లయిన ఏడాదిన్నరలో మొగుడు ఇంట్లో ఉన్నది నాలుగైదు నెలలే, మిగిలిందంతా ఫోనే, అందులోనూ తను అల ఎత్తులు చెప్పింది.

పాట అయిపోయింది. అయ్యగారు గడియారం చూసుకుని ఇంకో కీర్తన నంబరు చెప్పారు. మగవాళ్ల వైపు మొదటి బల్ల మీద పెళ్లికొడుకు రంజిత్ కొత్త సూటులో బిగుసుకుని కూర్చున్నాడు, మెడ చుట్టూ వేలు పెట్టి కాలరు లాగుకుంటున్నాడు. పీర్జాదిగూడ అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేసే మనిషి. రాణి నర్సుగా చేసే ఉప్పల్ దవాఖానాలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతే, లోపల చిక్కుకున్న రాణితో తలుపు సందులోంచి, ఫికర్ చెయ్యకు సిస్టర్, గాలి వస్తుంది, నేను ఈడనే ఉన్న, అని మాట్లాడుతూనే పని చేశాడట. ఇంటికొచ్చి రాణి ఆ సంగతి చెబుతూ ఒక్కసారి నవ్వింది. ఎన్నో ఏళ్లకు విన్న నవ్వు. ఎలిజబెత్‌కు అది విని సంతోషం కలగాలి. ముందు కలిగింది భయం. ఈ మనిషి వెళ్లిపోతుంది అన్న భయం. ఆ భయాన్ని ఆ రోజు చూసుకుని ఉంటే మిగతావన్నీ అప్పుడే అర్థమయ్యేవి.

మిగతావన్నీ అంటే, ఆ జూన్ నెల. దక్షిణాఫ్రికా నుంచి బొగ్గు వేసుకుని మన తీరానికి వస్తున్న బెన్నీ ఓడ. మధ్యాహ్నం భోజనాల వేళ మనిషి కనబడలేదని తెలిసింది, పొద్దున డెక్కు మీద వదులైన తాళ్లు బిగించడానికి పోయినవాడు. కెప్టెన్ ఓడను వెనక్కి తిప్పాడు, ఇంకో ఓడ కూడా వచ్చి వెతికింది. వెలుతురు ఉన్నంతసేపూ వెతికి, మర్నాడూ వెతికి, ఆపేశారు. కంపెనీవాళ్లు ఇంటికి ఫోను చేసినప్పుడు బాపు ఎత్తాడు, ఇంగ్లీషు అర్థంకాక ఫోను రాణికిచ్చాడు. ఎలిజబెత్ అప్పుడు ఆఫీసులో ఉంది. విన్న వెంటనే ఇంటికి బయల్దేరాల్సింది. అందరూ అదే చేస్తారు. ఆమె కుర్చీని కంప్యూటరు దగ్గరికి జరుపుకుని, ఆ రోజు ఆ వైపు ఏ ఉపగ్రహం దాటిందో వెతకడం మొదలుపెట్టింది. ఒకటి దాటింది. వాడు పడిన చోటికి కొంత దూరంలో, పడటానికి కొన్ని గంటల ముందు, రెప్పపాటులో దాటిపోయింది. అల ఎత్తు నాలుగున్నర మీటర్లు. గాలిని కొలిచే ఇంకో ఉపగ్రహం లెక్కలో గాలి ఆగ్నేయం నుంచి, బలంగా. ఇంటికి పోయేసరికి పొద్దు వాలింది. వాకిలి నిండా చెప్పులు. రాణి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. వదినను చూసి లేవబోయింది. ఎలిజబెత్ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంటే సరిపోయేది, అంతకన్నా ఏమీ అక్కర్లేదు, ఆ రోజుకు. ఆమె అన్న మొదటి మాట, నాలుగున్నర మీటర్లే ఉన్నది రాణీ, అంతకన్నా పెద్ద అలల్లో బతికినోళ్లున్నరు.

బాపు ఆ అంకెను వదల్లేదు. రోజులు గడిచాక ఒక పొద్దున అడిగాడు, నాలుగున్నరకే పెద్ద ఓడ మీదకెల్లి మనిషి ఎట్ల పోతడు అని. అది సగటు బాపూ అంది.

"సగటంటే ఏంది బిడ్డా?"

"మన బస్తీల అందర్ని వరసగ నిలవెట్టి, పొడుగోళ్లను మూడోవంతు పక్కకు తీసి, ఆళ్ల ఎత్తులన్ని కలిపి, తలా సమానంగ పంచినట్టు."

"అంటే అందర్లకన్న పొడుగోడు ఎంతున్నడో అండ్ల తెల్వది."

"తెల్వది బాపూ. అంతకు రెండింతలు గూడ ఉండొచ్చు."

బాపు డబ్బా చేతికిచ్చాడు. గాలి లెక్క కూడా అంతే. సముద్రాన్ని గళ్లుగా విడదీసి కొలుస్తారు, ఒక్కో గడి ఇరవై అయిదు కిలోమీటర్ల వెడల్పు. నాచారం, ఉప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, ఘట్‌కేసర్ అన్నీ ఒక్క గడిలో పట్టిపోతాయి, అంతటికీ కలిపి ఒక్క గాలి, ఒక్క దిక్కు. ఇప్పుడు ఈ ఫ్యాను కింద తోరణం లేస్తోంది, గుమ్మం దగ్గర వేపకొమ్మ కదలడం లేదు, మేడిపల్లిలో ఆగిపోయిన బస్సులో ఆ పెద్దాయనకు చెమటలు పడుతుంటాయి. పైనుంచి చూస్తే అంతా ఒకటే అంకె. ఇన్నేళ్లు ఆమె ఆ అంకెల పనితనం చూసి మురిసిపోయింది. వాటి వల్ల జాలర్లు ముందే తీరం చేరారు, తుఫాను ఎటు తిరుగుతుందో తెలిసి ఊళ్లు ఖాళీ చేశారు, అదంతా నిజమే, ఆ పనిని తక్కువ చేయలేదు, చేయదు. కానీ తన ఇంట్లో ఆ అంకెలతో తను చేసింది వేరు.

బెన్నీ పోయిన ఆ వారం నుంచే మొదలైంది. నీళ్లలో ఉన్న మనిషి ఎటు కొట్టుకుపోతాడో చెప్పే ప్రోగ్రాము ఆఫీసులో ఉంది, వెతికే ఓడలకు సాయంగా వాడేది. గాలి ఇవ్వాలి, అల ఇవ్వాలి, ప్రవాహం ఇవ్వాలి. ఇంకొకటి కూడా అడుగుతుంది: మనిషికి లైఫ్‌జాకెట్ ఉందా, లేదా. కెప్టెన్ చెప్పినదాన్ని బట్టి బెన్నీకి లేదు. ఎలిజబెత్ ఉందని ఎంచుకుంది. రోజూ కొత్త గాలి వచ్చేది, రోజూ తెర మీద బెన్నీ అన్న చుక్క కొంచెం వాయవ్యానికి జరిగేది. సాయంత్రం ఇంటికి రాగానే రాణి నీళ్ల గ్లాసుతో ఎదురొచ్చి, ఇయ్యాల ఎక్కడిదాక వచ్చిండు వదినా, అనేది. ఆమె చెప్పేది. మారిషస్ దిక్కు. రీయూనియన్‌కు ఇంకా దూరముంది. చిన్న చిన్న దీవులు మస్తున్నయి, మనుషులు సరిగా లేనివి గూడ. గోడకు పటం అంటించి పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది రాణి. కొన్నాళ్లకు ఆ దీవుల పేర్లు ఆమె నోట ఉప్పల్ బస్‌స్టాపుల పేర్లంత మామూలుగా పలికేవి. చుక్క మడగాస్కర్ తీరం తాకింది. అక్కడ ఆగాలి. ఎలిజబెత్ మళ్లీ మొదటి రోజు నుంచి, పడిన చోటును కొంచెం అటుగా మార్చి, ఇంకో లెక్క నడిపింది. ఆ చుక్క తాకకుండా పక్కనుంచి పోయింది. తాకనంత కాలం చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

అట్లా ఎన్నాళ్లు. జనం మొహం మీదే అనేవాళ్లు, పిల్లకు వయసున్నది, ఏదన్నా జూడరాదు అని. జనగామ నుంచి ఈ మేనమామే వచ్చి రాణిని తీసుకుపోతానన్నాడు. రాణి వదిన వైపు చూసింది. ఎలిజబెత్ పో అనలేదు, ఉండు అనలేదు, సాయంత్రం మామూలుగా, ఈ నెల గాలి మారింది రాణీ, అంది. రాణి ఉండిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ సాయంత్రం తప్పించుకోవడానికి లేకుండా ఎదురుగా నిలబడుతోంది. రాణికి మొగుడు కావాలి, అందుకని అడిగింది. తనకేం కావాలి. తమ్ముడు కావాలి, నిజమే. కానీ ఇంటికి రాగానే నీళ్లు పట్టుకుని ఎదురొచ్చే మనిషి కూడా కావాలి. పెళ్లి చేసుకోలేదు, తీరిక లేదని అందరికీ చెప్పింది, అదీ నిజమే. ఆ రెండు గదుల ఇంట్లో బాపు ముందుగదిలో రేడియో పెట్టుకుని పడుకుంటే, వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు కూరగాయలు తరుగుతూ లోకం చివరి దీవుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఎలిజబెత్ జీవితంలో అంతకన్నా దగ్గరి స్నేహం ఇంకొకటి లేదు. అది వాడు కనబడకుండా పోవడం మీద నిలబడి ఉందని ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో మాత్రం ఆమెకే తెలియదు.

ఆ జూన్‌లో గాలిని కొలిచిన ఉపగ్రహం కొన్నేళ్లకు పనిచేయడం మానేసింది. దాని కాలం అయిపోయింది, అనుకున్నదే. ఆఫీసులో అందరూ దాని గురించి మంచి మాటలు చెప్పుకుని టీ తాగారు. ఎలిజబెత్ టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, దీన్ని ఇంత తేలిగ్గా పంపేశారే అనుకుంది. ఆ సాయంత్రం రాణికి చెప్పింది, ఆ ఉపగ్రహం ఆగిపోయింది, ఇంకొక దేశంవాళ్లది ఉంది, దాని గాలి తీసుకుంటా అని. రాణి బియ్యం కడుగుతోంది. చెయ్యి నీళ్లలోనే ఆగింది.

"వదినా, ఇంగ చెప్పకు."

"ఎందుకే?"

"నేను అడుగుతనని నువ్వు చెప్తున్నవ్. నువ్వు చెప్తవని నేను అడుగుతున్న. బెన్నీకి ఆరోజు జాకెట్ లేదంట గదా. కెప్టెన్ సారు నాతోని గూడ చెప్పిండు. మొదటి వారమే చెప్పిండు."

అంటే రాణికి తెలుసు. అన్నేళ్లూ తెలిసే పటం మీద గుర్తులు పెట్టింది, వదిన కోసం. లేదా ఇద్దరూ ఒకరి కోసం ఒకరు. ఎలిజబెత్ ఆ రోజు ఏదో పనున్నట్టు బయటికి వచ్చి నాచారం మెయిన్ రోడ్డు దాకా నడిచింది, మల్లాపూర్ వైపు తిరిగే చోట చాలాసేపు నిలబడింది, లారీలు పోతూనే ఉన్నాయి. తిరిగొచ్చేసరికి గోడ మీది పటం లేదు. దాన్ని రాణి మడిచి ఎక్కడ పెట్టిందో ఎవరూ అడగలేదు. తర్వాత ఏడేళ్లు నిండడం, వకీలు, కోర్టు. బోనులో నిలబడిన ఎలిజబెత్‌ను, మీ తమ్ముడి గురించి మీకు ఏమైనా సమాచారం అందిందా అని అడిగితే, అందలేదు అంది. అదొక్క మాటే. చనిపోయాడని ఆమె అనలేదు, అనమని ఎవరూ అడగలేదు, చట్టమే అనుకుంది. ఇంట్లో ఇప్పటికీ బెన్నీ పోయినప్పటి నుంచి అంటారు, పోయి అంటే ఎటు పోయి అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లకు. రంజిత్ పెళ్లి మాటకు వచ్చినప్పుడు గోడ మీది ఫోటో చూసి, అన్న ఫోటో రాణి తీస్కపోతనంటే నాకేం లేదక్కా, మా ఇంట్ల గూడ జాగున్నది, అన్నాడు. బాపు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఫోటో ఈడనే ఉంటది అని లోపలి నుంచి అన్నాడు. ఆ తర్వాత రాణితో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున గడ్డం గీసుకుని తెల్ల చొక్కా వేసుకుని తయారయ్యాడు, తీరా ఆటో వచ్చాక మంచం అంచున కూర్చుండిపోయి, మీరు పోండ్రి, అన్నాడు. రాణి వంగి ఆయన కాళ్లు ముట్టుకుంది. ఆయన చెయ్యి ఆమె తల దాకా వెళ్లి, పెట్టాలా వద్దా అన్నట్టు ఆగి, పెట్టింది.

"ఎలిజబెతక్కా, జర లోపలికి రా," అని ఎవరో అమ్మాయి వచ్చి పిలిచింది. "పెండ్లిపిల్ల పిలుస్తున్నది."

మందిరం పక్క గదిలో రాణి మీగడ రంగు పట్టుచీరలో, తల మీద వెయిల్‌తో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయనకు మధ్యాహ్నం ఘట్‌కేసర్‌లో చనిపోయినవారి భూస్థాపన ఉంది, ఇంకా ఆగడానికి లేదు. మేనమామ బస్సు ఇప్పుడే పీర్జాదిగూడ చేరిందట.

"ఇంటి పెద్దలు ఇంకెవరైనా ఉన్నారా తల్లీ?" అని అయ్యగారు రాణిని అడిగారు.

"ఉన్నది గదా అయ్యగారూ," అని రాణి ఎలిజబెత్ వైపు చూసింది. "వదినా, నువ్వు నడువు నాతోని."

ఎలిజబెత్ ఒక అడుగు వెనక్కి వేసింది. "నేనెట్ల నడుస్తనే. బెన్నీ అక్కను నేను. చూసెటోళ్లు ఏమనుకుంటరు."

"ఏమన్నా అనుకోనీ. నేను ఇయ్యాల జనగామ నుంచి వస్తలేను. మీ ఇంట్లకెల్లి వస్తున్న. పంపితే మీరే పంపాలె." రాణి వెయిల్ అంచును వెనక్కి తోసుకుంది. "నిన్నటి నుంచి చూస్తున్న, ఏదన్న అంటవేమోనని. పొద్దున తలకు రంగేస్తుంటే గూడ చూసిన. నువ్వు పొమ్మనకపోతే నేను ఎట్ల పోవాలె వదినా?"

ఈ మాట ఎన్నేళ్ల కిందట వినాల్సింది. మేనమామ వచ్చిన రోజున రాణి చూసిన చూపు ఇదే అడిగింది. అప్పుడు గాలి మారిందని చెప్పింది. ఇప్పుడు చెప్పడానికి గాలి లేదు, అల లేదు, ఎదురుగా కళ్ల నిండా నీళ్లతో రంగు వేసిన జుట్టుతో ఒక మనిషి ఉంది, నలభైకి దగ్గరపడుతున్న మనిషి, పోగొట్టుకున్న ఆ ఏళ్లలో సగమైనా తను పట్టుకుని కూర్చున్నవే, వాటిని తిరిగి ఇచ్చే దారి ఏదీ లేదు. ఎలిజబెత్ చెయ్యి చాపింది. రాణి చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఆ జూన్ సాయంత్రం పట్టుకోవాల్సిన చెయ్యి.

"లే," అంది. "పోదాం పా."

తలుపు తెరిచారు, అందరూ లేచి నిలబడ్డారు. నేల మీద పరిచిన ఎర్ర గుడ్డ మీద నడుస్తుంటే ఎవరి మొహమూ సరిగా కనబడలేదు, మాటలు మాత్రం వినబడ్డాయి, ఆడబిడ్డే తీస్కొస్తున్నది సూడు అని ఒకరు, ఊకో అని ఒకరు. ఒక్కసారి గేటు వైపు చూసింది, బాపు వచ్చాడేమోనని. రాలేదు. రాణి పక్కన అడుగులో అడుగు వేస్తుంటే, ఇదే దారిలో బెన్నీ పెళ్లినాడు తను వెనక నడిచిందని గుర్తొచ్చింది, వాడు మధ్యలో వెనక్కి తిరిగి అక్కా చెప్పు కరుస్తున్నది అని గొణిగాడు, తను నవ్వాపుకోలేక చచ్చింది. ఆ మొహం గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ వాడు అనుకోగానే నీలం పటం మీద చుక్క కనబడేది. ఇప్పుడు చెప్పు కరిచి మొహం ముడుచుకున్న బెన్నీ కనబడ్డాడు.

ముందుకు వచ్చి ఆగారు. రంజిత్ లేచి ఎలిజబెత్‌ను చూసి, అర్థం చేసుకుని, తల వంచాడు. అయ్యగారు పుస్తకం తెరిచి చదివారు.

"ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చుచున్నవారు ఎవరు?"

నేను అంటే చాలు. అందరూ అదే అంటారు. ఫ్యాన్ల చప్పుడొక్కటే వినబడుతోంది. ఎలిజబెత్ తలెత్తింది.

"చనిపోయిన బెన్నీకి అక్కను," అంది. "నేను ఇస్తున్న."

అయ్యగారు ఒక్క క్షణం పుస్తకంలోంచి కళ్లెత్తారు. రాణి వేళ్లు ఆమె వేళ్లను గట్టిగా పట్టుకున్నాయి, నొప్పి పుట్టేంత. ఎలిజబెత్ ఆ చేతిని తీసి రంజిత్ చేతిలో పెట్టింది. ఎంత తోమినా పోని గ్రీజు మరక అతని గోళ్ల సందుల్లో నల్లగా ఉంది. జాగ్రత్త అని చెప్పాలనుకుంది, అది కూడా అతనికి తెలుసులే అనిపించి ఊరుకుంది.

వెనక్కి వచ్చి తన బల్ల మీద కూర్చుంది. ఇంటికి పోయి బాపుకు కూడా ఈ మాట చెప్పాలి. మంచం అంచున ఆ తెల్ల చొక్కాతోనే కూర్చుని ఉంటాడు. భోజనం పెట్టి, ఆయన తినేదాకా ఆగి, ఎదురుగా కూర్చుని, బాపూ, మన బెన్నీ చనిపోయిండు, అని చెప్పాలి. ఆయన ఏమంటాడో తెలియదు. ఆయనకూ ఎప్పుడో తెలిసే ఉంటుందేమో, కూతురి కోసం ఆగి ఉంటాడేమో, అదీ తెలియదు. ఒకసారి నోటి నుంచి వచ్చిన మాట రెండోసారి వస్తుంది.

ప్రార్థన చేద్దాం అన్నారు అయ్యగారు. మందిరమంతా లేచి నిలబడింది. ఎలిజబెత్ లేవలేకపోయింది. కూర్చున్నచోటే మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, తమ్ముడు పోయిన ఇన్నేళ్లలో మొదటిసారి, పక్కవాళ్లకు వినబడేటట్టే ఏడ్చింది. దోర్కమ్మ పక్కకు తిరిగి చూసి, తనూ కూర్చుని, ఆమె వీపు మీద చెయ్యి వేసింది.